పూడ్చిన మగ్గం గుంత

లాలప్పకు ఒక చిక్కొచ్చి పడింది. దాని పేరు ఫకీరమ్మ.

దర్గా వెనక కొట్టంలో ఖలందర్ తాతవి ఆరు గుంత మగ్గాలు. తాత నేసుకుని తినే ఫకీరు. శిష్యులూ అంతే. వాళ్ళలో పెద్దవాడు లాలప్ప, కొట్టం పెత్తనం అతనిదే. ఒక మగ్గం ఖాళీ అయిందని విని ఫకీరమ్మ పనికోసం వచ్చింది. నేతలో చెయ్యి తిరిగిన మనిషి. కుడికాలు మాత్రం పసితనంలోనే జ్వరానికి ఎండిపోయింది.

"గుంతలో తొక్కుడు చెక్కలు రెండూ ఎడమపక్కకు జరిపి కట్టన్నా. ఒక్క కాలితోనే మార్చి మార్చి తొక్కుతా. మా ఇంట్లో అట్లనే నేసినా," అంది.

"నీకు జరిపితే రేపు ఇంకొకడు ఇంకోటి అడుగుతాడు. ఈడ అందరికీ ఒకటే కట్టుబాటు. తాత కొట్టంలో ఎక్కువ తక్కువలు లేవమ్మా."

"ఆ మాట నా కాలికి చెప్పన్నా," అని ఫకీరమ్మ కర్ర అందుకుంది.

"ఒంటికాలి కొంగ చీర నేస్తాదంట!" అన్నాడు మగ్గం మీదినుంచి ఒకడు. అందరూ నవ్వారు. లాలప్ప వాణ్ణి కసరలేదు. కట్టుబాటు ఆ నోటికి లేదు మరి.

శుక్రవారం నాడు ఫకీరమ్మ దర్గా మెట్ల దగ్గర కొంగు పరుచుకుని కూర్చుంది. చూసి లాలప్ప గుండె కరిగింది. కింద కూర్చున్నవాళ్ళ మీద జాలి తొందరగానే పుడుతుంది. రెండు రొట్టెలు ఆ కొంగులో వేశాడు. ఆమె తలెత్తలేదు.

"పాపం తాతా, ఆ కుంటామెకు ఈ పొద్దు నా రొట్టెలే ఇచ్చేసినా," అని వచ్చి చెప్పుకున్నాడు.

తాత "ఊఁ" అన్నాడు.

మర్నాడు పొద్దున లాలప్ప తన మగ్గం దగ్గరికి వస్తే, కాళ్ళు దించే గుంత లేదు. మన్ను పోసి, తొక్కి, చదునుగా అలికేసి ఉంది. పక్కన తాత. మోచేతుల దాకా మట్టి.

"ఇదేం పని తాతా! కాళ్ళు యాడ పెట్టుకునేది?"

"నేల అందరికీ ఒకటే గదరా. నీ కాళ్ళకని తవ్వి పెట్టాల్నా?"

"గుంత లేకుండా నేసేదెట్లా?"

"నేయలేకపోతే ఏమైంది?" తాత చేతులు కడుక్కుని, సద్దిమూటలోంచి రెండు రొట్టెలు తీసి అతని చేతిలో పెట్టాడు. "మెట్ల దగ్గర ఆమె పక్కన చోటుంది. పోయి కూర్చో. పుణ్యాత్ములు వస్తుంటారు."

కొట్టంలో మగ్గాల మీద అటూ ఇటూ ఆడే నాడెలు ఆగిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

లాలప్ప ఆ అలికిన నేల వంక చూశాడు. తర్వాత రొట్టెలు పక్కన పెట్టాడు. తన గుంత తవ్వుకోవడానికి పార తీసుకోలేదు. ఖాళీ మగ్గం గుంతలోకి దిగాడు.

తాత గడప మీద కూర్చుని చుట్ట వెలిగించాడు.

లాలప్ప పాత ముళ్ళు విప్పాడు. చెక్కలు రెండూ ఎడమపక్కకు జరిపి కట్టాడు. కుడికాలు ముడుచుకుని, ఎడమకాలితో ఒకటి తొక్కాడు, రెండోది తొక్కాడు. పడుగు దారాలు విడివడ్డాయి, మళ్ళీ కలిశాయి.

తలెత్తి చూస్తే, తాత నోట్లో చుట్ట సగం కూడా కాలలేదు.