నంది ఒంటి మీద ఎండ

మౌనేశుకి ఒళ్ళు మండిపోతోంది. ఉలుల సంచి భుజానేసుకుని గురువు నరహరాచారి వసారాలోకి దూసుకొచ్చాడు.

"సామీ, నేనింక కంబగిరి దగ్గర పన్జెయ్యను. మీరు ఊఁ అంటే ఈ పొద్దే పోతా."

ముసలాయన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. "కూర్చో. ఇవి ఒలువు."

"నాకు కాయలొద్దు సామీ!"

"నీకని ఎవరన్నార్రా? నాకు ఒలిచిపెట్టు."

చచ్చినట్టు కూర్చున్నాడు. ఒలుస్తా ఒలుస్తా మొత్తం కక్కేశాడు.

కంబగిరిది ఊళ్ళో పెద్ద శిల్పాల షెడ్డు. అక్కడ నాలుగు నెలలు కూర్చుని అమ్మవారి విగ్రహం చెక్కింది మౌనేశే. విగ్రహం గుడికి చేరాక ఆఖర్న బంగారు ఉలితో కంటిపాప గీత గీసి కళ్ళు తెరవాలి. చెక్కినోడే తెరవాలి, అది ఆ పనివాళ్ళ ఆచారం. నాలుగు నెలల చాకిరీ అంతా ఆ ఒక్క గీత కోసమే. తీరా ముహూర్తం టైముకి కంబగిరి ఆ ఉలి తీసుకెళ్ళి తన తమ్ముడి కొడుకు చేతిలో పెట్టాడు. వాడు ఇస్త్రీ చొక్కా నలక్కుండా గీత గీసేశాడు, శాలువా కప్పించుకున్నాడు, ఫొటోలు దిగాడు. ఇదేందన్నా అని మౌనేశు అడిగితే కంబగిరి తల కూడా తిప్పలేదు.

"నువ్వు చెక్కేటోడివి. చెక్కు" అన్నాడంతే.

అది జరిగి పన్నెండు రోజులు.

"మరి ఈ పన్నెండు రోజులు యాడున్నావు?" అన్నాడు గురువు.

"ఆడనే. అంతకు ముందే మొదలుపెట్టిన నందిని చెక్కుతున్నా. ఆయప్ప అన్యాయం చేసినా నా చెయ్యి మాత్రం తేడా రాలేదు సామీ. కావాలంటే వచ్చి చూడండి. వెంట్రుకంత తప్పు పట్టండి చూద్దాం!"

గురువు ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచాడు. "పద."

మౌనేశు బిత్తరపోయాడు. ఏదో మాటవరసకన్నాడు. ఈయన మోకాళ్ళ నొప్పులతో వీధి మలుపు దాటి ఏడాదైంది!

మిట్టమధ్యాహ్నం. కంబగిరి భోజనానికి ఇంటికి పోయినాడు. షెడ్డులో నలుగురైదుగురు గోడవార కూర్చుని తింటున్నారు. మధ్యలో నంది, నడుమెత్తు నల్లరాయి. ఇంకా నున్న చెయ్యలేదు. మౌనేశు తడిగుడ్డతో దుమ్ము తుడిచి పక్కకి జరిగాడు.

గురువు నంది చుట్టూ ఒకసారి తిరిగాడు. "బాగుంది" అన్నాడు.

మౌనేశు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"తలుపులు ముయ్యండి. బెత్తెడు సందు వదలండి చాలు. రంగమ్మా, నీ పళ్ళెం ఇట్లియ్యి."

రాళ్ళు నున్న చేసే రంగమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "అన్నం పెట్టమంటే పెడతా గదా సామీ, పళ్ళెమే లాక్కుంటావేంది!"

"కడిగియ్యి తల్లీ."

తలుపు సందులోంచి ఎండ కత్తిలాగా నేల మీద పడింది. గురువు స్టీలు పళ్ళెం ఆ ఎండకి అడ్డం పెట్టాడు. మెల్లగా వంచాడు. వెలుగు పక్కనుంచి, రాయికి రాసుకుంటూ పోయింది.

అంతే. తినేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

అప్పటిదాకా ఒకే నలుపుగా ఉన్న రాయి మీద ప్రతి ఉలి దెబ్బా నీడేసుకుని లేచి నిలబడింది. వేల దెబ్బలు. మెడ మీద గంటల దండ దగ్గర చేప పొలుసుల్లాగా ఒక్క కొలతలో, ఒక్క వరసలో పోతున్నాయి. మౌనేశుకి గర్వంగా అనిపించింది.

వెలుగు మూపురం మీదికి జరిగింది.

దెబ్బలు చెదిరిపోయాయి. ఒకటి లోతు, ఒకటి వంకర, ఒకదాని మీదికి ఇంకొకటి. ఒకచోట రాయి నలిగి తెల్లబడింది. ఎవరో నందిని గొడ్డుని బాదినట్టు బాదారు.

"ఇది ఎప్పుడు చెక్కావు?"

మౌనేశు వంగి తెల్లబడినచోట వేలు పెట్టి చూశాడు. "గుడి నుంచి వచ్చిన మర్నాడు."

వెలుగు వీపు మీదికి పోయింది, డొక్కలోకి దిగింది. ప్రతిచోటా అదే. ఏ దెబ్బ కొట్టేటప్పుడు కంబగిరిని ఏమని తిట్టుకున్నాడో కూడా మౌనేశుకి గుర్తొస్తోంది. ఎవరికీ తెలీదనుకున్నాడు. రాయి అంతా దాచిపెట్టుకుంది.

"ఇంక చాలు సామీ" అన్నాడు.

గురువు ఆపలేదు. పళ్ళెం ఇంకొంచెం తిప్పాడు. వెలుగు ఎడమ చెవి మీద ఆగింది.

అక్కడ దెబ్బలే కనపళ్ళేదు. కళ్ళు చికిలించి చూస్తే సన్నగా, నూగులాగా, ఊపిరి తగిలినట్టు ఉన్నాయి. ఆ చెవి ఇప్పుడో ఇంకాసేపటికో కదిలేలా ఉంది. రంగమ్మ పళ్ళెం కడిగిన తడి చేతులతోనే దండం పెట్టేసింది.

"మరిది?"

"నిన్న పొద్దున." మౌనేశు తనదే ఆ పని అని నమ్మలేనట్టు చూస్తున్నాడు. "మా ఇంట్లో ఆవు ఈనింది సామీ. దూడ చెవులు ఎట్లా ఉన్నాయో మర్చిపోతానేమోనని పరిగెత్తుకొచ్చి చెక్కినా."

"అప్పుడు కంబగిరి ఏమైనాడు?"

మౌనేశు మళ్ళీ ఆ చెవి వంక చూశాడు. నిన్న పొద్దున కంబగిరి అసలు గుర్తేలేడు.

గురువు పళ్ళెం రంగమ్మకిచ్చేశాడు. షెడ్డు మళ్ళీ మసకబారింది, నంది మళ్ళీ ఒకే నలుపైంది. ముసలాయన మోకాళ్ళు పట్టుకుని తలుపు దగ్గరికి నడిచాడు.

"సామీ, చెప్పకుండా పోతారేంది? ఉండమంటారా, పొమ్మంటారా?"

నరహరాచారి తలుపు తీసి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి చూశాడు.

"నన్నెందుకురా అడుగుతావు? ఆ చెవి చెక్కినోణ్ణి అడుగు. వాడు ఉండమంటే ఉండు, పొమ్మంటే పో. మూపురం చెక్కినోడి మాట మాత్రం వినొద్దు."