రెండు మేకలు పోయాక

కొండకింది దర్గాలో హుస్సేనప్ప ఆ ఉదయం తన సంచి సర్దుకున్నాడు.

చుట్టుపక్కల రైతులు విత్తన వేరుశనగ మూటలు దర్గా మిద్దెలో దాచుకోవడం వాడుక. అక్కడైతే ఎలుకలు కూడా భయపడతాయని వాళ్ళ నమ్మకం. ఎలుకల సంగతేమో గాని, వాన భయపడలేదు. వెలుతురు కోసం మిద్దెకప్పులో పెట్టిన గవాచిని ముందురోజు మూయడం హుస్సేనప్ప మరిచిపోయాడు. తెల్లారి తలుపు తీస్తే అందులోంచి నీళ్ళు ధార కడుతున్నాయి. మూటల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గవాచి మూసి, తలుపు దగ్గరికేసి, గురువు దగ్గరికి నడిచాడు. ఇంకో వారంలో విత్తాలి.

మౌలాలి తాత వసారాలో, బండమీద చెక్కిన పులిజూదం గీతల ముందు కూర్చుని ఉన్నాడు.

"సామీ, నేను పోతాండా. విత్తనకాయలన్నీ నావల్ల నాశనమైపాయ. రైతుల మొగం చూడలేను."

తాత కోప్పడతాడనుకున్నాడు. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ముసురు పడతాంది గదా, నిలిచినాక పోదువులే. కూచో. మేకలు పట్టుకో."

హుస్సేనప్ప పదిహేను చింతగింజలు అందుకున్నాడు. తాతవి మూడు గులకరాళ్ళు, అవి పులులు. మేకల్ని ఒక్కొక్కటే పెడుతూ పులులు కదలకుండా కట్టెయ్యాలి. మేక వెనక చోటు ఖాళీగా ఉందా, పులి దానిమీదుగా దూకి చంపేస్తుంది. ఈ ఆట హుస్సేనప్పకు కొట్టినపిండి. కానీ ఆవేళ వాడి మనసు మిద్దెలోనే ఉంది. ఒక మేక పోయింది. ఆ కంగారులో పెట్టిన ఇంకొకటీ పోయింది.

చేతిలో గింజలు కింద పోసి లేచాడు. "ఇదీ అంతే సామీ. అయిపాయ."

"అయిపాయనా? అయితే పులులు నువ్వు తీసుకో."

తాత ఇవతలికొచ్చి మిగిలిన గింజలు ఏరుకున్నాడు. మొదటిది పులికి దూరంగా, అంచున పెట్టాడు. తరవాతిది దాని పక్కన. ఏ మేక వెనకా ఖాళీ వదలకుండా మెల్లగా ముందుకొచ్చాడు. పులులు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి, దూకే చోటు లేదు. ముసురు పలచబడేసరికి మూడూ ఒక మూలన బిగుసుకుపోయాయి.

హుస్సేనప్ప నోరు తెరుచుకుని చూశాడు.

"ఎన్ని మేకలు పోయినాయిరా?"

"రెండు, సామీ."

"పదైదూ పోయినట్టు లేస్తివే! పోనీ, ఆ మూటలన్నా విప్పి చూసినావా?"

చూడలేదు. హుస్సేనప్ప పరుగెత్తాడు.

పైనున్న మూడు మూటలు తడిసి ముద్దయ్యాయి. నాలుగోది విప్పి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. గలగలమంది. అయిదోదీ అంతే. అడుగున ఉన్నవైతే తడి ముఖమే చూడలేదు. గుండెల మీది బరువు దిగిపోయి, నవ్వో ఏడుపో తెలియకుండా కూలబడ్డాడు.

వెనకే వచ్చిన తాత అప్పటికే ఒక తడిమూటను, ముసురు విడిచి అప్పుడే పొడిచిన ఎండలోకి లాగుతున్నాడు.

"రైతులకు ఏం చెప్పాల సామీ?"

"తడిసినవి ఎన్నో అన్నే చెప్పు."