తాళం సంగతి రెండోసారి

"మాస్టారూ, మొదటి మీటింగులోనే కుళాయిల్లో మురుగునీళ్ల సంగతి ఎత్తకూడదట. చైర్మన్ గారికి నాలుగు మంచిమాటలు చెప్పి కూర్చోమంటున్నారు పాత కౌన్సిలర్లు. మీరేమంటారు?" అని కెజియా అడిగింది. ఆమె మునిసిపల్ కౌన్సిలర్‌గా గెలిచి వారమైంది. భానుమూర్తి మాస్టారు ఒకప్పుడు కాలేజీలో మా ఇద్దరికీ రాజనీతి శాస్త్రం చెప్పారు. అవుననో కాదనో అనడం ఆయనకు అలవాటు లేదు. ఈ కథ చెప్పారు.

వెనకటికి ఇంగ్లండులో ఒక నేతమిల్లు ఊరు. మూడో అంతస్తులో పనిచేసే ఆడవాళ్లు మధ్యలో బయటికి పోకుండా యజమాని తలుపుకు తాళం వేయించేవాడు. ఆ ఊరి పార్లమెంటు సభ్యుడూ అతనే. అతను చనిపోయాక మిల్లూ తాళమూ కొడుకు చేతికి వచ్చాయి; సీటుకు మాత్రం ఉపఎన్నిక వచ్చింది. థ్రెల్‌ఫాల్ అనే బడిపంతులు నిలబడ్డాడు. మిల్లులో కూతురితో కలిసి పనిచేసే హెస్టర్ అతని కోసం ఇల్లిల్లూ తిరిగింది. "సభలో నా మొదటి మాట ఆ తాళం గురించే" అని ఆమెకు మాటిచ్చాడు. గెలిచాడు.

ఆ సభలో ఒక ఆచారం ఉంది. కొత్త సభ్యుడి తొలి ప్రసంగానికి ఎవరూ అడ్డు తగలరు. అతనూ తగాదా విషయాలు ఎత్తకుండా తన ఊరినీ, తనకు ముందున్న సభ్యుణ్ణీ పొగడాలి. "తాళం ఎక్కడికి పోతుందయ్యా? రెండోసారి మాట్లాడు" అన్నారు పెద్దలు. థ్రెల్‌ఫాల్ ఊరి నదిని పొగిడాడు. చనిపోయిన యజమాని దయాగుణాన్నీ పొగిడాడు. సభ మెచ్చుకుంది. పదకొండో రోజున పార్లమెంటు రద్దయింది. తర్వాతి ఎన్నికలో అతను ఒక కొత్తవాడి చేతిలో ఓడిపోయాడు.

మిల్లు గేటు దగ్గర హెస్టర్ అతన్ని నిలేసింది. "మా నది బాగుంటుందని మాకు తెలుసు. తాళం సంగతేం చేశావు?"

"మొదటిసారి అలాంటివి ఎత్తకూడదమ్మా. రెండోసారి తప్పకుండా..."

"ఏదీ, ఎక్కడుంది నీ రెండోసారి?"

మిల్లు కూత వేసింది. తల్లీకూతుళ్లు మేడెక్కారు. కాపలావాడు తాళం వేశాడు.

"ఆ చలికాలం పత్తికి నిప్పంటుకుంది. తొమ్మిదిమంది పోయారు. ఆ ఇద్దరూ అందులోనే" అన్నారు మాస్టారు.

కెజియా మొహం ఎర్రబడింది. "అప్పుడైనా ఆ తాళం గురించి సభలో ఎవరూ అడగలేదా?"

ఆయన గొంతు పెంచడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"అడగాల్సింది ఆ ఊరి కొత్త సభ్యుడు. అతనికి అది తొలి ప్రసంగమమ్మా!"