టైలరు కాలికి పట్టీ

విశాఖపట్నంలో ఒక కొండవాలు కాలనీలో ఎర్రునాయుడు అనే టైలరు ఉండేవాడు. పనిలో చేయి తిరిగినవాడే కానీ, ఏ కష్టం ఎదురైనా ముందు అడ్డదారి వెతికేవాడు. కొండ కింద రోడ్డు పక్కన అతని కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు. కొలతలు ఇవ్వాలన్నా, కుట్టిన బట్టలు తీసుకోవాలన్నా పైనున్నవాళ్ళే మెట్లు దిగి రావాలి. అలా కూర్చుని కూర్చుని అతనికి షుగరు వచ్చింది.

అతనికి ఒక భయం ఉండేది. చెబితే మీరు నవ్వుతారు. రోజంతా సూదితో పని చేసే ఆ మనిషికి ఇంజెక్షను సూది చూస్తే కాళ్ళు వణికేవి.

ఒకరోజు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు హేమలత వచ్చి, షుగరు ఉన్నవాళ్ళందరికీ చేతికి కట్టుకునే పట్టీలు ఇచ్చింది. చూడడానికి వాచీలా ఉంటుంది. వేసిన ప్రతి అడుగునూ లెక్కపెట్టి హేమలత ఫోనుకు పంపుతుంది.

"మనకి పార్కులు లేవు, జిమ్ములు లేవు. మెట్లున్నాయి కదా, అవి చాలు. ఎవరు ఎక్కువ నడిచారో రోజూ సాయంత్రం కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతాను. మాత్రలకీ నడకకీ షుగరు తగ్గకపోతే మాత్రం రోజూ ఇన్సులిన్ ఇంజెక్షనే" అంది హేమలత.

ఆ మాట వినగానే ఎర్రునాయుడు గబగబా పట్టీ కట్టుకున్నాడు. కొట్టుకు వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీనికి కళ్ళు లేవు కదా, మనిషి నడిచాడని ఎలా తెలుస్తుంది? కూర్చునే చెయ్యి ఊపాడు. అంకె మారింది! అయితే చెయ్యి ఊపుతూ కూర్చుంటే గుడ్డ ఎవరు పట్టుకుంటారు? పట్టీ విప్పి కాలి చీలమండకు కట్టుకుని మిషను తొక్కాడు. అంకెలు టకటకా పెరిగిపోయాయి. అతని సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సాయంత్రం గ్రూపులో మొదటి పేరు అతనిదే. మర్నాడూ అతనిదే. పెళ్ళిళ్ళ సీజను వచ్చి జాకెట్లు పోగుపడేసరికి అతన్ని అందుకునేవాళ్ళే లేకపోయారు. కొత్తగా నడక మొదలుపెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కే పైనింటి గౌరమ్మ రెండో స్థానం దాటలేకపోయింది.

అతని భార్య కొండమ్మకు ఆశ్చర్యం వేసింది. "గుమ్మం దిగకుండా ఫస్టు ఎలాగొచ్చీసినావు మావా?" అంది.

"తెలివుండాల" అంటూ కాలు చూపించాడు.

"తెలివి సరే. నీ రగతం ఒప్పుకుంటాదేటి?"

ఎర్రునాయుడు నవ్వి మళ్ళీ మిషను తొక్కాడు.

నెల తిరిగింది. హేమలత కాలనీకి వచ్చి అందరికీ రక్తపరీక్ష చేసింది. వేలు గుచ్చేటప్పుడు ఎర్రునాయుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గౌరమ్మకు షుగరు తగ్గింది. అతనికి పెరిగింది. హేమలత ఫోనులో లెక్కను మళ్ళీ మళ్ళీ చూసింది.

"అందరికంటే ఎక్కువ నడిచింది మీరే, నాయుడు గారూ. ఇంత నడిచినా తగ్గలేదంటే మీకు మాత్రలు చాలడం లేదు. డాక్టరు గారికి చెబుతాను. ఇక ఇంజెక్షనే" అంది.

ఎర్రునాయుడు చిక్కులో పడ్డాడు. నిజం చెబితే నలుగురిలో పరువు పోతుంది. చెప్పకపోతే రోజూ పొట్టలో సూది.

"అమ్మా, నాను నడవలేదు" అన్నాడు తల దించుకుని. "నా మిషను నడిచింది."

హేమలతకు అర్థం కాలేదు. కొట్టుకు తీసుకెళ్ళి తొక్కి చూపించాడు. కోప్పడుతుందనుకుంటే, ఆమె కింద కూర్చుని పట్టీనే వింతగా చూసింది. "భలే కనిపెట్టారే!" అంది. ఆ తర్వాత అడిగింది, "ఈ మిషను ఎప్పటి నుంచి తొక్కుతున్నారు?"

"మీసాలు రాకముందు నుంచీనమ్మా."

"మరి షుగరు ఎప్పుడు వచ్చింది?"

ఎర్రునాయుడు కాలు ఆగిపోయింది. మిషను తొక్కుతుండగానే వచ్చిన జబ్బు, అదే మిషను తొక్కితే ఎలా పోతుంది? ఈ చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు అతను సిగ్గుపడ్డాడు. జరిగింది డాక్టరుకు చెప్పి, హేమలత అతనికి ఇంకో నెల గడువు ఇప్పించింది.

మర్నాటి నుంచి పట్టీ చేతికెక్కింది. కుట్టిన బట్టలు తనే మోసుకుని, మెట్లెక్కి ఇంటింటికీ ఇచ్చేవాడు. మొదట్లో ఆయాసంతో గౌరమ్మ గుమ్మంలో కూలబడేవాడు. "ఏటి నాయుడూ, ఫస్టొచ్చినోడివి కాదేటి!" అని ఆమె నవ్వి మంచినీళ్ళు ఇచ్చేది. గ్రూపులో అతని పేరు అట్టడుగుకు జారిపోయింది. అయినా నడక మానలేదు. కొండ పైనుంచి సముద్రం అంత బాగా కనబడుతుందన్న సంగతే అతను ఇన్నాళ్ళూ మరిచిపోయాడు. ఇప్పుడు రోజూ కాసేపు నిలబడి చూసేవాడు.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. అంకె చూసి హేమలత నవ్వింది. "ఇంజెక్షను అక్కర్లేదు" అంది.

"ఇప్పుడొప్పుకుంది మావా, నీ రగతం" అంది కొండమ్మ.

మన మేలు కోసం పెట్టిన లెక్కలో మోసం చేస్తే, మోసపోయేది మనమే.