నిమ్మతోట గాడిద కొనబోయిన ట్రాలీ ఆటో

ఉప్పువాగు పక్కన ఒక నిమ్మతోట ఉండేది. అందులో మనుషులెవరూ లేరు, అందుకే పనులు సవ్యంగా సాగేవి. ఎద్దు మైలన్న దున్నేవాడు. కోడి మాణిక్యం పురుగులేరేది. గాడిద గంగులు నిమ్మకాయల బస్తాలు వీపున వేసుకుని సంతకు మోసేవాడు. ముగ్గురూ ఒకే పాకలో పడుకునేవారు. కాసేపు తిట్టుకుంటే తప్ప ఒక్కరికీ నిద్ర పట్టేది కాదు.

మైలన్న మాత్రం సంతలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. చిన్నప్పుడు తనను ఆ సంతలోనే మోసం చేసి అమ్మారని వాడి కోపం.

ఈ ఏడు గంగులుకు ముందుకాలి మోకాలు వాచింది. గుట్ట ఎక్కుతుంటే కుంటుతున్నాడు. కాపు చూస్తే కొమ్మలు విరిగేట్టుంది. బస్తాలు సంతకు చేరకపోతే కాయంతా చెట్టుకిందే కుళ్ళుతుంది. గంగులే మోస్తే ఆ కాలు ఇక కాలుగా మిగలదు.

ఒకరోజు మాణిక్యం ఫోను ముందేసుకుని ముక్కుతో టకటకా పొడుస్తూ ఎగిరి గంతేసింది.

"గంగులన్నా, దొరికింది! సెకండ్ హ్యాండ్ ట్రాలీ ఆటో. ఫొటో చూడు, పెళ్ళికొడుకులా ఉంది!"

"ఏం రాశారే?"

"'ఒక్కరే ఓనరు. సింహంగారు ఆదివారం షికారుకు తప్ప బయటికి తియ్యలేదు. ఒక్క గీత పడలేదు. బదిలీ అయిపోయి, ఏడుస్తూ అమ్ముతున్నారు. అడగవలసినవారు నక్క నరసింగం, గుట్ట వెనక.'"

మైలన్న నెమరు ఆపాడు. "సింహానికి బదిలీ ఏమిటే? ఏ ఊరికి?"

"అది రాయలేదు బాబాయ్."

ఫోను చేస్తే నరసింగం గొంతు తేనెలా కారింది. "అన్నా, ఇంకో పార్టీ ఇప్పుడే బయల్దేరింది. అడ్వాన్సు పంపితే బండి మీకోసం పక్కన పెడతా. కాకిని పంపిస్తున్నా, మూట దాని కాళ్ళకు కట్టెయ్యండి."

మూటంటే ముగ్గురూ వానాకాలానికని దాచుకున్న వేరుశెనక్కాయలు. గంగులు అప్పుడే తాడు వెతుకుతున్నాడు.

"ఒరే అల్లుడూ, ఆ మూట నా కొమ్ముకు కట్టు," అన్నాడు మైలన్న. "బండిని చూడందే నేను కొమ్ము వంచను."

ముగ్గురూ బయల్దేరారు. దారిలో గంగులు సణుగుతూనే ఉన్నాడు. "నీకు ఎవరి మీదా నమ్మకం లేదు మావా."

"సంతలో నన్ను అమ్మినవాడు ఆ పొద్దున నాకు ఉప్పు కలిపిన తవుడు పెట్టి, కడవలకొద్దీ నీళ్ళు తాగించాడు. పొట్ట ఉబ్బి మహా పుష్టిగా కనబడ్డాను. కొన్నాయన సాయంత్రానికి చూసుకుంటే ఎముకలు. పాపం, ఆ తిట్లన్నీ నేను తిన్నాను. వాడు ఎదురుపడితే ఇప్పటికీ పొడుస్తా."

"ఎన్నేళ్ళైంది మావా?"

"ఎన్నేళ్ళైతేనేం? కొమ్ములు అవే కదా."

గుట్ట వెనక చింతచెట్టు నీడలో ఆటో తళతళలాడుతోంది. సీట్లకు కొబ్బరినూనె పూశారు. లోపల అగరొత్తులు వెలుగుతున్నాయి. నరసింగం మెడలో తెల్లటి తువాలుతో ఎదురొచ్చాడు.

"రండి రండి బావగారూ!"

"నీకూ నాకూ ఏ వరసా లేదు. బండి చూపించు. కళ్ళు కోడి మీద కాదు, బండి మీద పెట్టు."

గంగులు సంతలో పశువుల్ని చూసే పద్ధతి తప్ప ఎరగడు. ముందు పళ్ళ కోసం వెతికాడు. కనబడలేదు. చక్రాన్ని గిట్టలా ఎత్తబోయాడు. లేవలేదు. చివరికి వెనక్కి వెళ్ళి తోకేదని అడిగాడు.

"తోక లేని మోడలన్నా, ఈగలు వాలవు," అన్నాడు నరసింగం.

గంగులు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మావా, దీని వీపు చూడు. ఎంత వెడల్పో! ఎన్ని బస్తాలైనా పడతాయి."

ఈలోగా మాణిక్యం ఎగిరి ఇంజను మూత మీద కూర్చుని రెక్కలు పరుచుకుంది. "అబ్బా, ఎంత వెచ్చగా ఉందో! నేనిక దిగను. ఇక్కడే గుడ్లు పెట్టి పొదిగేస్తా."

నరసింగం తాళంచెవి తీశాడు. "స్టార్ట్ చేస్తాను చూడండి, ఒక్క తిప్పుకే..."

"ఆగు," అన్నాడు మైలన్న. "తాళం తిప్పకముందే వెచ్చగా ఎందుకుంది?"

"ఎండకండీ."

"నీడలో ఉందిగా."

"మంచి బండికి ఒంట్లో వేడి ఉంటుందండీ."

"ఆ రోజు నా పొట్టా ఇలాగే పుష్టిగా కనబడింది," అని మైలన్న ఆటోకు అడ్డంగా కూలబడ్డాడు. "చల్లారనీ. అప్పుడు చూస్తాం."

నరసింగం ఫోను మోగింది. "అదిగో, రెండో పార్టీ! గుట్ట దిగుతున్నారు!"

"రమ్మను. కూర్చోడానికి బోలెడు చోటుంది."

"మావా, పోతుంది మావా, కొమ్ము వంచు!" గంగులు ప్రాధేయపడ్డాడు.

మైలన్న కళ్ళు మూసుకుని నెమరు వేశాడు. ఎద్దు నెమరుకు కూర్చుంటే తొందరపెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు. నరసింగం బతిమాలాడు, అలిగాడు, తువాలుతో గాలి విసిరాడు, సింహంగారు ఆఖరిసారి బండిని ఎలా కావలించుకున్నారో చెప్పాడు. అగరొత్తులు ఆరిపోయాయి. లోపలి నుంచి బురద వాసన మెల్లగా బయటికొచ్చింది.

"ఛీ, చల్లబడిపోయింది," అంటూ మాణిక్యం దిగింది.

అప్పుడు సీటు కింద నుంచి ఒక కప్ప తల బయట పెట్టింది.

"ఏమయ్యా నరసింగం, రోజూ ఇదేం గోల? బేరం వస్తుందంటే చాలు, చల్లగా ఉంటే ఇది లేవదని పొద్దున్నే కింద మంటేసి ఇంజను కాచి నా ఒళ్ళు కాలుస్తావు. ఇవాళ్టికి చల్లారిందా?"

"నువ్వెవరమ్మా?" అన్నాడు గంగులు.

"వరదప్పుడు ఇందులో దిగానయ్యా. బండి వాగు అడుగున ఉండేది. మా వాళ్ళందరం ఇక్కడే కాపురం. బయటికి లాగాక వాళ్ళు వెళ్ళిపోయారు. సీటు కింద ఇంకా తడి ఆరలేదని నేనుండిపోయాను."

"మరి సింహంగారు?"

"సింహమెవరు? ఇందులో తిరిగింది చేపలు."

"అబద్ధం! చూడండి!" అంటూ నరసింగం తాళం తిప్పాడు. బండి దగ్గింది. మళ్ళీ తిప్పాడు, మూలిగింది. మూడోసారికి వెనక గొట్టంలోంచి బురద భళ్ళున చిమ్మి, ఏమైందో చూద్దామని వెనక్కి వెళ్ళిన కాకి మీద పడింది. అడ్వాన్సు కోసం పొద్దుటి నుంచీ పొంచి ఉన్న కాకి అదే. నరసింగాన్ని నోటికొచ్చినట్టు తిట్టి ఎగిరిపోయింది.

"సగం మూటకిస్తా," అన్నాడు నరసింగం, తువాలు నలుపుతూ.

"వద్దులే. రెండో పార్టీ గుట్ట దిగుతోందన్నావుగా, వాళ్ళ నోటి దగ్గరిది మేం లాక్కోం."

"పోనీ, కొట్టంలోకి ఒక తోపు తొయ్యి బావా."

"వాగు దాకా అయితే తోస్తా."

నరసింగం ఒక్కడే తోసుకున్నాడు. కప్ప పైన కూర్చుని, "ఎడమకి! ఎడమకి!" అని అరుస్తోంది.

ముగ్గురూ పాకకు తిరిగొచ్చారు. గంగులు కుంటుకుంటూ వెళ్ళి బస్తాల ముందు నిలబడ్డాడు. మైలన్న వచ్చి పక్కన వీపు వంచాడు.

"ఎత్తు. నిదానంగా వెతికి మంచి బండి కొనేదాకా నేను మోస్తా."

"నువ్వా? సంతకా? మరి ఒట్టు?"

"ఒట్టు పోతే ఇంకోటి పెట్టుకోవచ్చురా. కాలు పోతే?"

గంగులు ముక్కు ఎగబీల్చాడు. "అక్కడ వాడు కనబడితే?"

"పొడుస్తా. అందుకే బస్తాలు గట్టిగా కట్టు."

నీతి: అమ్మేవాడు తొందరపెడుతుంటే కొనేవాడు కూర్చోవాలి.