కాసులమ్మ వేసిన ఒడ్డు బొమ్మ

మన తాతల తాతలు ఇసకలో పాకే రోజుల మాట, వినండి.

ఒక రాళ్ల ఒడ్డున జాలరిపేట ఉండేది. ఆ పేటలో చేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి కాసులమ్మ. ఆమె మొగుడు పోలన్న కూలికోసం ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లాడు. "ఏడాదికొచ్చేత్తానొలే" అన్నాడు. ఏడాది పోయింది. రెండు పోయాయి. పది పోయాయి.

రంగం ఓడలో దానయ్య అని ఒక కళాసీ పనిచేసేవాడు. పోలన్నని అన్నా అని పిలిచేవాడు. ఓడ వచ్చినప్పుడు కాసులమ్మ అతన్ని అడిగింది.

"మీ అన్న ఏటన్నాడు?"

"బియ్యం మిల్లులో ఉన్నాడొదినా. మన ఊళ్లో ఏటుంది, రాళ్లే కదా, అన్నాడు."

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఉప్పు కొఠారు గుమస్తాని బతిమాలి దళసరి కాయితం తెచ్చుకుంది. జేగురుమట్టి నూరింది. ఆకుపసరు పిండింది. నీలిమందు నీళ్లలో కలిపింది. ఈతపుల్ల కొన నమిలి కుంచె చేసుకుంది. ఒడ్డుని చూసి చూసి బొమ్మ వేసింది.

"మీ అన్నకియ్యి. చూసి రమ్మను" అని దానయ్య చేతిలో పెట్టింది.

పోలన్న చూశాడు. "బాగుంది" అన్నాడు. చుట్టి పక్కన పెట్టాడు. రాలేదు.

మళ్లీ వేసింది. ఈసారి అతను పీతలు పట్టిన చీలిక వేసింది, జారిపడి మోకాలు చీరుకున్న అంచు కూడా వేసింది. పోలన్న చాలాసేపు చూశాడు. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. రాలేదు.

మూడోసారికి ఆమె జుట్టు నెరిసింది. అయినా వేసింది. బొమ్మని బండమీద ఆరబెట్టి అటు తిరిగిందో లేదో, వాన జల్లు కొట్టింది. బొమ్మలో రాళ్లు కరిగి నీళ్లలోకి, నీళ్లు కరిగి ఆకాశంలోకి పోయాయి. ఓడ బయల్దేరేది ఆ పూటే.

"ఇదెలాగివ్వనొదినా?" అన్నాడు దానయ్య.

"ఇచ్చీ. మళ్లీ ఎయ్యడానికి నాకు ఓపిక నేదు."

పోలన్న అందుకున్నాడు. విప్పి చూశాడు. దానయ్యతో అన్నాడు:

"నానెల్లిపోయిననాడు ఒడ్డు ఇలాగే ఉందిరా. కళ్లనిండా నీళ్లు. రాయేదో నీరేదో తెలీనేదు."

అదే ఓడలో బయల్దేరాడు.

పేట చేరేసరికి కాసులమ్మ పోయి తొమ్మిది రోజులు. పోలన్న బండమీద కూర్చుని బొమ్మని ఒళ్లో పరుచుకున్నాడు. ఒకసారి దాన్ని, ఒకసారి ఒడ్డుని చూస్తూ ఉండిపోయాడు. "రాళ్లే కదా అన్నానురా" అని ఒక్కటే మాట. మళ్లీ ఎప్పుడూ ఓడెక్కలేదు.

ఇప్పటికీ ఆ పేటనుంచి ఎవరు దూరం వెళ్లినా, ఇంట్లోవాళ్లు ఒడ్డు బొమ్మ వేసి చేతికిస్తారు. ఇచ్చే ముందు దానిమీద వేళ్లతో నీళ్లు చిలకరిస్తారు. రంగులు జారుతుంటే చూస్తూ అంటారు:

"కాసులమ్మా, మనిషిని తిప్పి పంపు. బేగి పంపు."