గంప కింద ఇల్లరికం

నాలో ఒక సుగుణం ఉంది. ఎవరూ అడక్కపోయినా సలహా చెబుతాను. గిట్టనివాళ్లు దాన్ని గొప్పలు పోవడం అంటారు, నేను దానధర్మం అంటాను. కోళ్ల సంగతి నేను ఏ బళ్లోనూ చదవలేదు. దడి మీద మోచేతులు ఆనించి, పక్కవాళ్ల దొడ్లోకి తొంగి చూసి నేర్చుకున్నాను. కాబట్టి ధైర్యంగా వినండి.

సూరాయమ్మ దొడ్లో అన్నీ పెట్టలే, పుంజు లేదు. వాటిలో చుక్కలపెట్ట కిందటిసారి మేత మానేసి, ఒళ్లు చిక్కి సగమయ్యేదాకా పొదిగింది. ఒక్క గుడ్డూ చిట్లలేదు. అన్నీ మురిగిపోయాయి.

"పుంజు లేని గుడ్డు పొదిగితే కంపు పుడుతుందే గానీ పిల్ల పుడుతుందిటే?" అంది దొడ్డికి పెద్దదిక్కయిన గౌరిపెట్ట.

"నాకు తెలుసు పెద్దమ్మా. నా కడుపుకి తెలియదే! ఈసారీ ఇంతే అయితే నన్ను కూరదాకలో వేస్తానంటోంది సూరాయమ్మ."

అలా అన్నది గానీ, సూరాయమ్మ మరీ అంత రాతిగుండె మనిషి కాదు. సంతకెళ్లి ఎర్రటి డేగపుంజుని తెచ్చింది. కొత్త కోడిని వచ్చీరాగానే మందలో వదలకూడదు, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. అందుకని దొడ్డి మధ్య గంప బోర్లించి దాని కింద పెట్టింది. ముసురు పట్టిందని పైన గోనెపట్టా కప్పింది.

ఇక చూడండి, దొడ్లో ఎవరికీ కాలు నిలవలేదు. పెట్టలు చూరు కిందికీ గంప దగ్గరికీ ఒకటే తిరుగుడు. గంపలో పుంజు గిరగిరా గానుగెద్దులా తిరుగుడు.

"ఇల్లరికపుటల్లుడు ఎలా ఉంటాడో!"

"తోకైనా కనిపించడం లేదే!"

"ఒసే, తోకతో కాపురం చేస్తావా?" అని గౌరిపెట్ట కసిరి అందరినీ పాకలోకి తోలింది.

దడి కంతలోంచి ఇదంతా ఒక నక్క చూస్తోంది. పుంజుని నమిలితే ఒక పూట గడుస్తుంది, పెట్టలన్నీ దగ్గరికొస్తే పండగే. మెల్లగా గంప దగ్గరికి పాకి, "అల్లుడుగారూ!" అంది.

"ఎవరండీ?"

"పెళ్లిపెద్దని. ఇదేం మర్యాదండీ, వరుణ్ణి గంప కింద మూసేస్తారా? కుంటివాడేమో, అందుకే దాచారని పెట్టలు నవ్వుకుంటున్నాయి."

"నేనా కుంటి!" పుంజు ఎగిరి గంపకి తల కొట్టుకుంది. "ఏదీ, ఒకసారి పైకెత్తండి."

నక్క మూతితో గంప ఎత్తింది. పుంజు బయటికొచ్చి, దాన్ని చూసి రెండడుగులు వెనక్కేసింది. "మీ పళ్లు చూస్తుంటే భయంగా ఉందండీ."

"పెళ్లిపెద్ద పళ్లు కాదు బాబూ, మాట చూడాలి. ఆ గడ్డివామి వెనక నిలబడండి. ముహూర్తానికి నేనే పిలుస్తాను. అందాకా నోరు మెదిపారో, అరిష్టం."

సంతలో పెరిగిన పుంజు, నక్కని ఎరగదు. పొగడ్తని మాత్రం బాగా ఎరుగును. ఈకలు సర్దుకుంటూ వామి చాటుకి పోయింది. నక్క గంప కింద దూరి, తోక మడుచుకుని, "కొక్... కొక్కొక్" అని పిలిచింది.

చుక్కలపెట్ట మనసు ఆగలేదు. "పెద్దమ్మా, పిలుస్తున్నాడు!" అంటూ పరుగెత్తింది.

"ఆగవే! అల్లుడి అందం తర్వాత, ముందు గుణం చూడాలి." గౌరిపెట్ట తడిమట్టిలో గీకి, బలిసిన వానపామునొకదాన్ని పట్టి, గంప అంచు కిందికి తోసింది. "తీసుకో నాయనా."

నక్క మొహం తిప్పేసుకుంది. అయినా, పుంజులు పురుగులు తింటాయి కదా, తినకపోతే దొరికిపోతాననుకుంది. కళ్లు మూసుకుని గుటుక్కున మింగింది. "ఆహా! అమృతం!"

"ఇంకోటి?"

"మీ చేత్తో పెడితే కాదంటానా అత్తగారూ!" మళ్లీ గుటుక్కు.

"ఆకలి మీద ఉన్నాడు పాపం," అని చుక్కలపెట్ట గంప అంచులోకి తల దూర్చబోయింది. గౌరిపెట్ట దాని రెక్క పట్టి వెనక్కి లాగింది. పాక ముందు కట్టేసి ఉన్న మైలెద్దు దగ్గరికి నింపాదిగా నడిచి, "అన్నా, నీ తలకాయ బరువుగా ఉన్నట్టుంది. కాస్త ఆ గంప మీద ఆనించుకోరాదూ?" అంది.

మైలెద్దు కారణం అడిగే రకం కాదు. పలుపు సాగినంత మేర వచ్చి తల ఆనించింది. గంప కిర్రుమంది.

"అబ్బ! ఎవరది? లేవండి! నేను అల్లుణ్ణి!"

"నాకు తొందరేం లేదు. నెమరు ఇప్పుడే మొదలైంది," అంది ఎద్దు.

"ఎలా కనిపెట్టావు పెద్దమ్మా?" అంది చుక్కలపెట్ట.

"పెట్టలు పక్కనుండగా పురుగు తానే మింగే పుంజుని ఎక్కడైనా చూశావా? గింజ దొరికితే ముందు మనల్ని పిలుస్తుంది, మనం తిన్నాకే అది ముట్టుకుంటుంది. వీడు పురుగు తింటే పుంజనుకుంటామని అనుకున్నాడు."

గోలకి సూరాయమ్మ రోకలితో వచ్చింది. గంప ఎత్తగానే నక్క వీపు మీద ఒకటి పడింది. వానపాములు కక్కుకుంటూ దడి దాటింది.

అప్పటికి ముసురు తెరిపిచ్చింది. నేలలోంచి రెక్కల ఉసిళ్లు లేచాయి. వామి చాటున తడిసి ముద్దయిన పుంజు పాపం నోరు మెదపకూడదన్న మాట మరిచిపోయి, "కొక్, కొక్, కొక్" అని ఒకటే పిలిచి, ఒక్క ఉసిలీ ముట్టకుండా పక్కకి జరిగి నిలబడింది.

చుక్కలపెట్ట వెళ్లి తింది. ఆ తర్వాత అది పొదిగిన గుడ్లలో ఒకటి, ఒక పొద్దున దాని రెక్క కిందే చిట్లి, కీచుమంది.

పిలిచి పెట్టేది పుంజు, పిలిచి మింగేది నక్క.

నీతి చెప్పడమైతే వచ్చింది గానీ, వేడి గారెల పళ్లెం ముందుకొస్తే పక్కవాళ్లని ముందు పిలవడం మాత్రం నాకింకా రాలేదు.